పదిహేడో నిమిషం

భవానీపురం, విజయవాడ
24-4-1977

గౌరవనీయులైన వదినగారికి అమలమ్మ వ్రాయునది.

ఇక్కడ మావారు బాగున్నారు, నేను బాగున్నాను. అమ్మాయి సంగతి కార్డు మీద రాసేది కాదు గనుక కవరు తీసుకున్నాను.

ఎలిజబెత్ నిద్రపోవడం లేదు. అల్లుడుగారి నలభయ్యో రోజు పూజ అయ్యాక ఇక్కడికి తీసుకొచ్చాం కదా, అప్పటినుంచీ ఇదే వరస. మొదట్లో దుఃఖం కదా, మెల్లగా సర్దుకుంటుంది అనుకున్నాం. మూడు నెలలు దాటింది. ఏడవదు, మాట్లాడదు, పడుకోమంటే పడుకుని కళ్ళు తెరుచుకుని ఉంటుంది. డాక్టరుగారు మాత్రలిచ్చారు. అవి వేసుకుంటే నిద్ర రాలేదు సరికదా, పగలంతా తూలుతూ నడిచి మెట్ల మీద పడింది. గడ్డం చీరుకుని మూడు కుట్లు వేశారు. మాత్రలు మాన్పించాను. "ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే మనిషి మీకు దక్కదమ్మా" అన్నారాయన నన్ను పక్కకి పిలిచి.

నేను ఊరుకునే మనిషిని కాదని మీకు తెలుసు. ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ రోజు ఏం చేశానో, ఎంతసేపు కన్నుమూసిందో రాస్తున్నాను. లారీల మోతకి నిద్ర పట్టడం లేదేమో అని కిటికీలు మూశాను. నిశ్శబ్దంలో ఇంకా అధ్వాన్నం. మర్నాడు చప్పుడు పెట్టి చూశాను. ఫ్యాను చప్పుడు పనికిరాలేదు. కుండకి చిన్న బెజ్జం పెట్టి, ఇత్తడి పళ్ళెంలోకి నీళ్ళు పడేలా వేలాడదీస్తే నలభై నిమిషాలు పడుకుంది. పక్కన కూర్చుని చేటలో బియ్యం మెల్లగా అటూ ఇటూ ఊపితే అరగంట. జల్లెడలో తవుడు ఆడిస్తే పావుగంట, తరువాత తుమ్ములు. "ఒక్కళ్ళని నిద్రపుచ్చడానికి ఇద్దరం మేలుకుంటున్నాం, పైగా తవుడు తింటున్నాం" అంటున్నారు మావారు.

మొన్న మధ్యాహ్నం పక్కన కూర్చుని అడిగాను, "నీకేం కావాలే తల్లీ" అని. "అక్కడ నీళ్ళ చప్పుడుండేది కదమ్మా" అంది. అంతే.

మీ ఇల్లు కాలవ లాకు పక్కనే కదా. పెళ్ళయిన మూడేళ్ళూ అది ఆ నీళ్ళు పడే చప్పుడులోనే పడుకుంది. అల్లుడుగారి మైకు సెట్టు సామానులో టేపు రికార్డరు ఒకటి ఉండేదని గుర్తు. అది ఇంకా ఇంట్లో ఉంటే, నీళ్ళు దూకే చోట పెట్టి అరగంటసేపు ఆ చప్పుడు పట్టి పంపగలరా? మధ్యలో మాటలు, కోళ్ళు, సైకిలు బెల్లులు పడకుండా చూడండి. మనిషి దక్కితే చాలు, ఇంకేమీ అడగను.

అన్నయ్యగారికి నా నమస్కారాలు.

మీ
అమలమ్మ

—

లాకులు, కంకిపాడు దగ్గర
3-5-1977

వదినగారికి తెరేసమ్మ నమస్కరించి రాయడం.

మీ ఉత్తరం ఈయన చదివారు, తరవాత నేను చదివాను. పిల్ల గడ్డానికి కుట్లు మానాయా? కొబ్బరినూనె రాయండి, మచ్చ పడదు.

మీరడిగిన చప్పుడు ఇప్పుడిక్కడ లేదు వదినగారూ. కాలవలు కట్టేసి పద్దెనిమిది రోజులైంది. లాకు తలుపుల కింద బురద, బురదలో కొంగలు. ఏటా ఎండాకాలం ఇదే కదా, అయినా ఈసారి ఇల్లు మరీ బావురుమంటోంది. లాకు తలుపులు ఎత్తే లస్కరు పనిలో ఇరవై ఆరేళ్ళు నీళ్ళ పక్కనే పడుకున్న మనిషి, ఈయన మూడింటికే లేచి గట్టు మీద తిరుగుతున్నారు.

మైకు సెట్టు మా అక్క కొడుకు సొలొమోనుకి ఇచ్చేశాం. హారన్లు, యాంప్లిఫయరు, వైర్లు అన్నీ బండిలో వేసుకుపోయాడు. టేపు రికార్డరు మాత్రం ఇవ్వనన్నాను. "అదెందుకు పిన్నీ నీకు, నొక్కడం కూడా రాదుగా" అన్నాడు. "రాకపోతే నేర్చుకుంటా. నీకెందుకురా, నువ్వు హారన్లు మొయ్యి" అన్నాను. క్యాసెట్లు కూడా అన్నీ వాడే పట్టుకుపోయాడు, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కదాంట్లో ఒకవైపంతా లాకు నీళ్ళ చప్పుడే ఉంది. కాలవ నిండుగా ఉన్నప్పుడు పట్టింది. రికార్డరూ క్యాసెట్టూ పాత దుప్పట్లో చుట్టి ఈయన చేత పంపుతున్నాను. ఈయన భోజనం చేసి వెంటనే బయల్దేరతానంటారు. ఒక్క పూటైనా ఆపండి, పిల్లని చూసుకుంటారు.

తెరేసమ్మ

—

భవానీపురం
15-5-1977

వదినగారికి,

మీరు చేసిన మేలుకి ఏమని రాయను! అమ్మాయి నిద్రపోతోంది.

అన్నయ్యగారు దుప్పటి విప్పి ఆ రికార్డరు బల్ల మీద పెట్టగానే దానివంక చూసి లోపలికి వెళ్ళిపోయింది. బాధపెట్టామా అని భయపడ్డాను. పడుకున్నాక ఏమీ చెప్పకుండా తలవైపు పెట్టి నొక్కాను. ముందు ఏదో కీచుమంది, తరువాత నీళ్ళు. వదినగారూ, నేను మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ హోరులో మాట వినబడక విసుక్కునేదాన్ని. చీకట్లో కూర్చుని వింటే అందులో ఎన్ని ఉన్నాయో! పైన పలచగా జారేది ఒకటి, కింద బరువుగా పడేది ఒకటి, పక్కన రాతిగోడకి కొట్టుకుని వెనక్కి వచ్చేది ఒకటి. నాకే కునుకు వచ్చింది.

నోటుబుక్కులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మొదటి రోజు: పదిహేడో నిమిషానికి గబుక్కున లేచి కూర్చుంది, మళ్ళీ పడుకుంది, తరువాత రెండు గంటలు నిద్ర. రెండో రోజు: పదిహేడో నిమిషానికి కదిలి రికార్డరు మీద చెయ్యి వేసింది, తరువాత మూడు గంటలు. మూడో రోజు నుంచి నాలుగు గంటలకి తగ్గలేదు. నిన్న ఐదు. పొద్దున్న తనంతట తనే కాఫీ పెట్టి నాన్నకిచ్చింది. "ఇవాళ పంచదార వేశావే" అని ఈయన కళ్ళు తుడుచుకున్నారు.

ఒక్కటే లోపం. ఆ పదిహేడో నిమిషం ఏమిటో అర్థం కాక, పగలు ఒంటరిగా వేసుకుని విన్నాను. అక్కడ ఎవరో దగ్గారు. గట్టు మీద దారిన పోయే మనిషి అయి ఉంటాడు. అదే దాన్ని కదిలిస్తోంది. ఏ రోజు చూసినా అది దాటేదాకా నిద్ర పట్టదు, దాటాక పడుతుంది. ఆ దగ్గు లేకపోతే పదిహేడు నిమిషాలు ముందుగానే పడుకునేది కదా! దాన్ని తీయించే వీలుందేమో కనుక్కుంటాను.

మీ
అమలమ్మ

—

లాకులు
22-5-1977

వదినగారికి,

పిల్ల నిద్రపోతోందని చదివి ఈయన మోకాళ్ళ మీద కూర్చుని జపమాల చెప్పారు. సంతోషం.

క్యాసెట్టు జోలికి వెళ్ళకండి. పాతది, రిబ్బను సన్నంగా ఉంటుంది, ముట్టుకుంటే తెగుద్ది. ఉన్నది ఉన్నట్టు వేయండి. దగ్గు ఉంటే ఉండనివ్వండి, ఏం పోయింది.

మామిడికాయ పచ్చడి పెట్టాను. ఎవరైనా వస్తే పంపుతాను.

తెరేసమ్మ

—

భవానీపురం
4-6-1977

వదినగారికి,

రిబ్బను సన్నమని మీరు రాశారు కనుక నేను స్వయంగా చెయ్యి పెట్టలేదు. తెలిసినవాళ్ళ చేత చేయించాను. ఈ రోజే పని అయింది, వెంటనే రాస్తున్నాను.

వన్‌టౌనులో రేడియోలు బాగుచేసే బసవపున్నయ్యగారని మావారికి పరిచయం. అమ్మాయి గుడికి వెళ్ళిన సమయం చూసుకుని క్యాసెట్టు తీసుకెళ్ళాను.

"ఏం కావాలమ్మా?"

"ఇందులో ఒక దగ్గు ఉందండీ. అది తీసెయ్యాలి."

"దగ్గుకి డాక్టరు దగ్గరికి వెళ్తారుగానీ నా దగ్గరికొచ్చారేంటమ్మా!" అని నవ్వాడు. వేసి విన్నాడు. పాట ఎప్పుడొస్తుందా అని చూసి చూసి, "మొత్తం నీళ్ళేనా? దీనికి బెజవాడలో మిషనెందుకమ్మా, మా వీధి కుళాయి దగ్గరికి రండి. తిట్లు కూడా కలిపి ఇస్తాం" అన్నాడు.

అమ్మాయి సంగతి చెప్పాను. నవ్వు ఆపేశాడు. స్టూలు వేసి కూర్చోమన్నాడు. నా చేతి గడియారం చూస్తూ పదిహేడో నిమిషం చెప్పాను. క్యాసెట్టు విప్పి, రిబ్బను వేలితో పైకి లాగి, ముందుకీ వెనక్కీ నడిపి, దగ్గు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పెన్సిలుతో గీతలు పెట్టాడు. బ్లేడుతో రెండు కోతలు. జానెడు ముక్క. కొసలు కలిపి టేపు అంటించాడు. మళ్ళీ వేసి విన్నాం. ఎక్కడ అతికాడో నాకే తెలియలేదు. నీళ్ళు ఏకధారగా పోతున్నాయి. డబ్బులిస్తే తీసుకోలేదు, "మీ అమ్మాయి హాయిగా పడుకుంటే అదే చాలమ్మా" అన్నాడు.

వదినగారూ, మీ చేత్తో పంపినది ఇప్పుడు ఏ లోపం లేకుండా తయారైంది. ఈ పూట నుంచి ఎన్ని గంటలో రాస్తాను.

మీ
అమలమ్మ

—

లాకులు
8-6-1977

వదినగారికి,

ఆ దగ్గు మా అంతోనిది.

ఆ క్యాసెట్టు వాడే పట్టాడు. నవంబరులో మీకు జ్వరం వస్తే కోడలు మీ ఇంటికొచ్చి పది రోజులుంది కదా. అక్కడ నిద్ర పట్టడం లేదని వాడికి కార్డు రాసింది. "అమ్మా, మా ఆవిడకి బెజవాడలో నీళ్ళు లేవంట, పంపుదాం" అని నవ్వుతూ ఒక మంగళవారం సాయంత్రం వరండాలో పెట్టి పట్టాడు. పంపేలోపే శనివారం తనే వచ్చేసింది. అసలు నీళ్ళే పక్కనుంటే క్యాసెట్టు ఎవరు వింటారు. అది అలాగే ఉండిపోయింది.

మీతో చెప్పకపోవడం నాదే తప్పు. చెబితే మీ మొహంలో కనబడుద్ది, పిల్ల కనిపెట్టుద్ది అనుకున్నాను. అంత హోరులో తనకి తెలియదులే అనుకున్నాను.

ఆ ముక్క ఉందేమో అడగండి.

తెరేసమ్మ

—

భవానీపురం
16-6-1977

వదినగారికి,

మీ ఉత్తరం గుమ్మంలోనే చదివాను. అటునుంచి అటే బసవపున్నయ్యగారి కొట్టుకి వెళ్ళాను. ఆయన బల్ల కింద, బుట్టలో, వైర్ల ముక్కల మధ్య అంతా వెతికాడు. నేనూ నేల మీద కూర్చుని వెతికాను. ఎర్ర రిబ్బను ముక్కలు ఎన్నో దొరికాయి. ఒక్కొక్కటీ మిషనులో పెట్టి వినిపించాడు. ఎవరివో పాటలు, ఎవరిదో నవ్వు. మనది దొరకలేదు. "మొన్నే ఊడ్చేశారమ్మా" అన్నాడు. ఆయన కూడా బాధపడ్డాడు.

నాకు తెలియదు వదినగారూ. తెలిసే దారి లేదు. మూడేళ్ళలో అల్లుడుగారు నా ఎదుట పది మాటలు మాట్లాడారేమో. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేవారు. అన్నం తింటూ పొలమారితే, అత్తగారి ముందు దగ్గడం మర్యాద కాదని వీధిలోకి వెళ్ళి దగ్గి వచ్చేవారు. ఎంత పద్ధతైన పిల్లాడు అని మావారితో అనేదాన్ని. ఆ దగ్గు నేను ఎన్నడూ విననే లేదు.

కోసి తెచ్చిన రోజున అమ్మాయి పడుకుంది. నేను గడియారం పెట్టుకుని కూర్చున్నాను. పదిహేడు దాటింది. ఇరవై దాటింది. లేచి కూర్చుని వెనక్కి తిప్పింది. మళ్ళీ వింది. మళ్ళీ తిప్పింది. తెల్లారేదాకా అలాగే. ఆ మర్నాడూ అంతే. మూడో రోజు రికార్డరు దుప్పట్లో చుట్టి బీరువాలో పెట్టేసింది. ఎందుకే అంటే, "రోజూ వేసి వేసి నేనే అరగదీశానమ్మా. ఇంక వేస్తే మిగిలింది కూడా అరిగిపోతుంది" అంది.

తన వల్లే పోయిందనుకుంటోంది. అది కన్ను మూయక ఇప్పటికి పన్నెండు రోజులు. నేను మళ్ళీ చేట పట్టుకున్నాను, కుండ వేలాడదీశాను. బసవపున్నయ్యగారు తన రికార్డరు అరువిస్తే కృష్ణ ఒడ్డుకి వెళ్ళి రేవు మెట్ల దగ్గర అలల చప్పుడు పట్టి తెచ్చాను. రేకు మీద ఇసుక జార్చి వానలా పట్టాను. నా మనసు కష్టపెట్టకూడదని అన్నీ వింటోంది. కళ్ళు మాత్రం మూయదు.

కోసింది నేనని చెప్పలేదు. చెబితే నా మొహం చూస్తుందా? నాకు నోరు రావడం లేదు. ఏం చేయమంటారు?

మీ
అమలమ్మ

—

లాకులు
23-6-1977

వదినగారికి,

మీమీద కోపం లేదని రాస్తే అబద్ధం. రెండు రోజులు మీ ఉత్తరానికి జవాబు రాయబుద్ధి కాలేదు. వాడిది ఇంట్లో చొక్కాలున్నాయి, చెప్పులున్నాయి, ఫోటో ఉంది. నోట్లోంచి వచ్చింది అదొక్కటే మిగిలింది.

కానీ దాచింది నేను. నేను దాచినందుకే మీరు కోశారు. ఇప్పుడు మీరూ దాస్తే ఆ పిల్ల ఏమైపోద్ది? చేయని తప్పు నెత్తినేసుకుని ఎన్నాళ్ళు మేలుకుంటది? చెప్పండి. మొహం చూడకపోతే చూడకపోయింది. చెప్పండి.

కాలవలు వదిలారు. నీళ్ళు నిన్న మా లాకు దాకా వచ్చాయి. మొదటి నీళ్ళు కదా, ఎర్రగా, చెత్తా చెదారంతో వచ్చాయి.

తెరేసమ్మ

—

భవానీపురం
3-7-1977

వదినగారికి,

చెప్పాను.

గురువారం మధ్యాహ్నం వంటింట్లో ఇద్దరం కందిపప్పులో రాళ్ళు ఏరుతున్నాం. దాని మొహం చూడకుండా, పళ్ళెం వంక చూస్తూ మొత్తం చెప్పాను. నువ్వు అరగదీయలేదు, నేనే కోయించాను, ఎవరిదో తెలియక కోయించాను అన్నాను. అది పప్పు ఏరుతూనే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు విన్నావుగా అమ్మా. ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేమిటే, దగ్గులా ఉంది."

"పొడి దగ్గా? కఫం దగ్గా?"

"నేను గమనించలేదు తల్లీ."

"నిమిషాలు లెక్కపెట్టావు. అది గమనించలేదా?" అంది.

తిట్టినా బాగుండేది.

అప్పుడు చెప్పింది వదినగారూ, ఇన్ని నెలలూ లోపల పెట్టుకున్నది. ఆస్పత్రిలో డాక్టరు దగ్గు ఎప్పటినుంచి అని అడిగితే తను సోమవారం నుంచి అని చెప్పిందట. శనివారం తను మీ ఇంటికి వచ్చింది, సోమవారం ఆయనకి జ్వరం వచ్చింది, దగ్గు కూడా అప్పుడే అనుకుంది. నిమ్ము బాగా ముదిరింది, ముందే తేవలసింది అన్నాడట డాక్టరు. ఆ క్యాసెట్టు మంగళవారం పట్టానని ఆయనే తనకి చెప్పారట, ఇప్పుడు వేస్తే అందులోనే దగ్గు వినబడింది. తను లేని రోజుల్లోనే జబ్బు పట్టుకుందా? తను నాలుగు రోజులు ముందుగా వచ్చి ఉంటే గుర్తుపట్టేదా? ఆస్పత్రికి తీసుకెళ్ళేదా? బతికేవాడా? ఇదీ దాని ప్రశ్న. రోజూ ఆ దగ్గు విని, పొడి దగ్గే, ఏదో గొంతుకి అడ్డం పడింది అంతే అని తేల్చుకుని పడుకునేదట. తెల్లారేసరికి మళ్ళీ అనుమానం. మళ్ళీ వినేదాకా ఆగేది. ఆ దగ్గు దాన్ని కదిలిస్తోందని నేను అనుకున్నాను. అమ్మాయి ఆ దగ్గుకోసమే కాచుక్కూర్చునేది.

అది ఆ నాలుగు రోజులు ఎందుకు ఆగిందో మీకు తెలుసు. నా జ్వరం తగ్గిపోయింది. ఒంట్లో నీరసంగా ఉంది, ఇంకో నాలుగు రోజులుండవే అని ఆపింది నేను.

పప్పు పళ్ళెం పక్కన పెట్టి, "ఇలా ఉందా అమ్మా?" అని దగ్గి చూపించింది. "కాదు, ఇలా" అని మళ్ళీ దగ్గింది. గొంతు మందం చేసుకుని మళ్ళీ. నాకేం తెలుసు, అవునో కాదో. నాలుగోసారి దగ్గబోయి ఏడుపులోకి జారిపోయింది. ఆయన పోయాక అది ఏడవడం అదే మొదలు. నేను దగ్గరికి తీసుకోబోతే చెయ్యి తోసేసింది.

వదినగారూ, ఆ మంగళవారం సాయంత్రం ఆ వరండా పక్కన ఉన్నది మీరు. అది ఎలాంటి దగ్గో మీకొక్కరికే తెలుసు. మీరు వచ్చి దానికి చెప్పాలి.

మీ
అమలమ్మ

—

(కార్డు)

లాకులు
7-7-1977

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. పిల్లకి చెప్పండి.

తెరేసమ్మ

—

భవానీపురం
20-7-1977

వదినగారికి,

మీరు వెళ్ళి పది రోజులైంది. ఇల్లు మీ గురించే మాట్లాడుకుంటోంది. మీరు తెచ్చిన మామిడికాయ పచ్చడిలో మావారు రోజూ వేలు పెట్టి దొరికిపోతున్నారు.

ఆ రోజు మీరు చెంబు నీళ్ళు కూడా తాగకుండా దాని పక్కన కూర్చున్నప్పుడు నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను, క్షమించండి. "ఓసి పిచ్చి తల్లీ, అది నా తాలింపే!" అన్నారు మీరు. చారు తాలింపు పెడుతుంటే ఎండుమిరపకాయలు మాడి, ఘాటు వరండాలోకి వచ్చి, నీళ్ళు రికార్డు చేస్తున్న అల్లుడుగారికి తగిలి దగ్గు వచ్చిందనీ, మిషను ఆపాక వంటింట్లోకి వచ్చి, "అమ్మా, మా ఆవిడకి నీళ్ళు పంపుదామంటే నీ చారు కూడా పంపావే" అని మిమ్మల్ని ఏడిపించారనీ చెప్పారు. అమ్మాయి మిమ్మల్ని ఎన్ని ప్రశ్నలడిగింది! అప్పటికి జ్వరం ఉందా, ఒళ్ళు వెచ్చగా ఉందా, అన్నం తిన్నాడా అని. అన్నిటికీ తడుముకోకుండా చెప్పారు. చివరికి అది మీ ఒళ్ళో తల పెట్టుకుని, "నిజంగా మిరపకాయలేనా అత్తయ్యా?" అంది. "కాకపోతే నీ దగ్గర అబద్ధమాడతానా" అన్నారు. అక్కడే పడుకుంది. మీరు కాళ్ళు తిమ్మిరెక్కినా కదలలేదు. సాయంకాలం గుడిగంట కొట్టినా లేవలేదది.

అప్పటినుంచి ఏ చప్పుడూ లేకుండానే పడుకుంటోంది. రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది. మొన్న దాని మీద గుడ్డ కప్పుతూ, "అమ్మా, ఆయన జబ్బు పడింది నేను వచ్చాకే. నేను ఉండగానే. చేయగలిగింది చేశాం కదా" అంది. నాతో మాట్లాడుతోంది. నా చెయ్యి తోయడం లేదు. వచ్చే నెల నుంచి గుణదల బడిలో చిన్న పిల్లలకి పాఠాలు చెప్పడానికి ఒప్పుకుంది.

నేను పోగొట్టింది మీరు తెచ్చి ఇచ్చారు. మీ బిడ్డ చివరి చప్పుడు కోసేసిన దాన్ని నేను. ఆ జానెడు ముక్క కోసం ఇంకా చెత్తబుట్టలు చూస్తే నా చూపు ఆగిపోతోంది. మీరు ఏ మనసుతో నా ఇంట్లో భోజనం చేశారో నాకు తెలియదు.

మీ
అమలమ్మ

—

లాకులు
27-7-1977

వదినగారికి,

ఇది మీరొక్కరే చదవండి. అన్నయ్యగారికి కూడా చూపించకండి. చదివాక పొయ్యిలో వేయండి.

ఆ మంగళవారం నేను తాలింపు పెట్టలేదు. మధ్యాహ్నం వండిందే ఉంది, పొయ్యి వెలిగించలేదు. వాడికి అప్పటికే మూడు రోజుల నుంచి దగ్గు. లోపలినుంచి వచ్చే దగ్గు. రొమ్ములో గురకలాగా కూడా ఉంది. మిరియాల కషాయం కాచి ఇచ్చాను. ఆస్పత్రికి వెళ్ళి చూపించుకొస్తానమ్మా అన్నాడు బుధవారం. గురువారం పెళ్ళికి మైకు ఒప్పుకున్నాడు, బయానా తీసుకున్నాడు. "మాటిచ్చావు కదరా, అది అయ్యాక వెళ్ళు, దగ్గేగా" అన్నాను. అన్నది నేనే. మంచులో తెల్లవార్లూ హారన్ల దగ్గర కూర్చుని వచ్చాడు.

శనివారం కోడలొచ్చింది. దాన్ని కంగారు పెట్టకూడదని వాడు లాకు మీదికి వెళ్ళి దగ్గి వచ్చేవాడు. నీళ్ళ హోరులో దానికి వినబడేది కాదు. నాకు కనబడేది. ఆదివారమంతా వంగి వంగి దగ్గుతుంటే వంటింటి కిటికీలోంచి చూశాను. అప్పుడైనా కోడలికి చెప్పలేదు.

వాడు పోయాక రోజూ ఆ క్యాసెట్టు వేసుకునేదాన్ని. ఆ దగ్గు దగ్గరికి వచ్చేసరికి ఆపేసేదాన్ని. సొలొమోనుకి ఇవ్వలేకపోయాను, ఇంట్లో ఉంచుకోలేకపోయాను. మీరు అడిగినప్పుడు పంపించేశాను. మీ బిడ్డ నిద్ర కోసమని రాశాను. నా కోసం కూడా పంపాను.

అందుకని ఆ ముక్క కోసం మీరు ఏడవకండి. మీ ఉత్తరం చూసి నేను ఏడ్చాను, నిజమే. కానీ అది ఇంకా ఉండి ఉంటే ఆ పిల్ల మళ్ళీ మళ్ళీ విని ఒకరోజు కనిపెట్టేసేది, కఫం దగ్గని. ఇప్పుడది ఎక్కడా లేదు కాబట్టే నా మాట నమ్మింది. నమ్మనివ్వండి. దానికి ఇరవై నాలుగేళ్ళు. నాకేముంది, నేను మోస్తాను.

అదీ నేనూ కలిసినప్పుడు ఎక్కడైనా తడబడతానేమోనని భయం. మీరు దేనినీ మర్చిపోని మనిషి. అది మళ్ళీ ఎప్పుడైనా అడిగితే, మిరపకాయలే అని చెప్పండి. ఎన్ని వేశారట అని అడిగితే నాలుగు అని చెప్పండి. నేను నాలుగని చెప్పాను.

తెరేసమ్మ